నీలం టేపుకి అవతల

తలుపు తీసేసరికి గుమ్మంలో ఇద్దరున్నారు. కలిసి వచ్చినవాళ్ళు కాదని చూడగానే తెలిసింది. వానలో ఒకే గొడుగు కింద నిలబడి కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

ముందున్నావిడకి యాభై దాటి ఉంటాయి. పొట్టి జుట్టు, తడిసిన కోటు. కార్డు చూపించి, "డిటెక్టివ్ సార్జంట్ ప్లాస్కిట్" అంది. వెనకాయన పొడుగ్గా, సన్నగా, చంకలో ఫైలుతో ఉన్నాడు. "క్లైవ్ డెన్‌బీ. కౌన్సిల్ నుంచి. బెనిఫిట్ మోసాల విభాగం."

పోలీసంటే కలగని భయం ఆ రెండో మాటకి కలిగింది.

ఈ ఇంట్లో నేనూ, మూడేళ్ళ నా కూతురు నెల్, రోరీ స్టబ్స్ ఉంటున్నాం. రోరీ నాతో బడిలో చదువుకున్నాడు. స్నేహితుడు, అంతే. ఇద్దరం కలిసి అద్దెకి తీసుకున్నాం. తన సగం అద్దె చేపల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసి కడతాడు. నా సగానికి కౌన్సిల్ సాయం వస్తుంది, బెనిఫిట్ అంటే అదే. మేం స్నేహితులుగా ఉన్నంతవరకే ఆ సాయం. మొగుడూ పెళ్ళాల్లా ఉంటున్నామని తేలితే అతని జీతాన్ని నాదిగా కూడా లెక్కగట్టి ఆపేస్తారు. సాయం ఆగితే ఇల్లు పోతుంది. ఇల్లు పోతే నెల్‌ని ఎక్కడ పడుకోబెట్టను? పిల్లని సరిగ్గా చూడటం లేదని ఎవరైనా వచ్చి తీసుకుపోతే? నా బుర్ర రోజూ ఇవే మెట్లు దిగుతూ ఉంటుంది. ఆ పూట అడుగు మెట్టు మీద నిలబడ్డట్టయింది.

"చిన్నది పడుకుందా?" అంది సార్జంట్, హాల్లో పడున్న బొమ్మ బండిని దాటుతూ.

"పైన, ముందు గదిలో. ఇప్పుడే పడుకుంది."

"అయితే వంటింట్లో మాట్లాడుకుందాం. డెన్‌బీ గారూ, మీరు కాసేపు కార్లో కూర్చుంటారా?"

"కూర్చోను" అన్నాడు డెన్‌బీ. "ఈ ఇంటికి ముందుగా వచ్చింది నేను. మీరు నా వెనకే వచ్చారు."

"మీరు గంట కొట్టారు, నేను తలుపు తట్టాను. ఆవిడ తట్టిన చప్పుడుకే తీసింది. గంట పనిచెయ్యదు కదమ్మాయ్?"

పనిచెయ్యదు. ఆవిడకెలా తెలిసిందో నాకర్థం కాలేదు.

వంటింట్లో ముగ్గురికీ రెండే కుర్చీలు. డెన్‌బీ ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడ్డాడు. సార్జంట్ కూర్చుని, నన్నూ కూర్చోమంది.

"రోరీ ఎక్కడ?"

"పైన నిద్రపోతున్నాడు మేడమ్. రాత్రి డ్యూటీ కదా."

ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. "సోమవారం రాత్రి నుంచీ అతను ఫ్యాక్టరీకి వెళ్ళలేదు తల్లీ. ఇవాళ గురువారం."

"లేదు మేడమ్. ఉన్నాడు. ఇవాళ పొద్దున కూడా పైన నడిచాడు. నేను విన్నాను."

"విన్నావు సరే. చూశావా?"

చూడలేదు. మా వేళలే కలవవు. నేను లేచేసరికి అతను వచ్చి పడుకుంటాడు. నేను నెల్‌ని తీసుకుని పిల్లల బడికో, అమ్మ దగ్గరికో వెళ్ళి వచ్చేసరికి లేచి, తిని, మళ్ళీ తలుపేసుకుంటాడు. వారం మొత్తం మీద రెండుసార్లు ఎదురుపడితే ఎక్కువ.

"ఆఖరిసారి ఎప్పుడు చూశావు?"

"సోమవారం సాయంత్రం. చూడటమంటే... నెల్‌కి స్నానం చేయిస్తున్నాను. బయటినుంచి 'వెళ్ళొస్తా టామ్' అని నాతో అన్నాడు. సరే అన్నాను."

"ముందు తలుపు వేసిన చప్పుడు?"

"నీళ్ళ చప్పుడులో వినపళ్ళేదు."

సార్జంట్ కిటికీలోంచి పెరట్లోకి చూసింది. "ఆ సైకిల్ ఎవరిది?"

"రోరీదే. దాని మీదే వెళ్తాడు."

"సీటు మీద నీళ్ళు నిలిచి, గొలుసు తుప్పు పట్టడం మొదలైంది. రోజూ రాత్రి ఎక్కే సైకిలేనా ఇది?"

ఆ సైకిల్‌ని నేను మూడు రోజులుగా చూస్తూనే ఉన్నాను. సైకిల్ ఉంది కాబట్టి మనిషి ఉన్నాడనుకున్నాను. పైన అడుగులు కూడా వినపడుతుంటే ఇంకేం అనుకుంటాను?

డెన్‌బీ గొంతు సవరించుకున్నాడు. "సార్జంట్, మీ పని నేను సులువు చేస్తాను. సోమవారం మా ఆఫీసుకి ఒక ఫోనొచ్చింది. ఈ ఇంట్లో ఉన్నది స్నేహితులు కాదు, జంట అని. ఆ సంగతి ఆ అబ్బాయికి తెలిసి పారిపోయాడు. ఈవిడ కాపలా కాస్తోంది. పైన నిద్రపోతున్నాడని చెప్పి మనల్ని పంపించేద్దామని చూస్తోంది."

"ఫోన్ చేసిందెవరు?"

"పేరు చెప్పలేదు."

"పేరు చెప్పని వాళ్ళ మాట మీద వానలో ఇంత దూరం వచ్చారా? మీకు పని తక్కువైనట్టుంది."

"మీ సాక్షులు అబద్ధాలకోర్లని బయటపడినప్పుడల్లా మీరు నామీద పడతారు."

సాక్షి అన్న మాట నేనక్కడే మొదటిసారి విన్నాను. సార్జంట్ అతన్ని కొరికేసేలా చూసి, నా వైపు తిరిగింది. గొంతు తగ్గించింది.

"చెప్పకూడదు కానీ, ఆయన చెప్పేశాడు కాబట్టి వినమ్మాయ్. రోరీ ఇక్కడికి రాకముందు వెర్నన్ పాస్క్ అనేవాడి లాడ్జిలో ఉండేవాడు. తెలుసా?"

"తెలుసు. అది కాలిపోయింది. అప్పట్నుంచే అతనికి ఆయాసం. మందు పీల్చే గొట్టం లేకుండా వీధి చివరికి కూడా వెళ్ళడు."

"అందులో ఒక ముసలాయన పోయాడు. వెనక తలుపుకి బయటినుంచి గొలుసు వేసి నిప్పు పెట్టారు. గొలుసు వేస్తున్న పాస్క్ మనిషిని చూసింది ఒక్క రోరీయే. రేపు పొద్దున కోర్టులో ఆ మాట చెప్పాలి. చెబితే పాస్క్ లోపలికి పోతాడు. చెప్పకపోతే ఇంటికి పోతాడు."

నాకు రోరీ ఒక్క ముక్క చెప్పలేదు. అదీ మా పద్ధతే. ఒకరి సంగతులు ఒకరికి తెలిస్తే జంట అంటారేమోనని ఉత్తరాలు కూడా విడివిడిగా రెండు మేకులకి తగిలించేవాళ్ళం.

"పద, అతని గది చూద్దాం" అంది సార్జంట్.

"నా దగ్గర తాళంచెవి లేదు మేడమ్."

డెన్‌బీ నవ్వాడు. "లేకుండా ఎలా ఉంటుంది మిస్ హోల్‌రాయిడ్? వెతకండి. జాకెట్ జేబులోనో, దిండు కిందో ఉంటుంది."

"లేదండీ. అతని గది అతనిది. నేనెప్పుడూ లోపలికి వెళ్ళలేదు."

మా మెట్లు ఇరుకు. సార్జంట్ ముందు, డెన్‌బీ వెనక, మధ్యలో నేను. మెట్లకి పైన నలుగురు నిలబడేపాటి చిన్న చతురం, రెండు వైపులా రెండు గదులు, పైన అటక మూత. ముందు గది తలుపు ఓరగా తీసి ఉంది. నెల్ బోర్లా పడుకుని, గుప్పిట నోటి దగ్గర పెట్టుకుని నిద్రపోతోంది. చూసి తలుపు దగ్గరగా వేశాను.

సార్జంట్ రోరీ తలుపు తట్టింది. పేరు పెట్టి పిలిచింది. తలుపుకి చెవి ఆనించింది. ఆపైన డెన్‌బీ వైపు చెయ్యి చాచింది.

"మీ కార్డు ఇటివ్వండి."

"ఎందుకు?"

"పల్చగా ఉంటుంది."

మెళ్ళో వేలాడుతున్న కౌన్సిల్ కార్డు లాక్కుని తలుపు సందులో దూర్చి పైకి లాగింది. గొళ్ళెం వెనక్కి జారింది. డెన్‌బీ కార్డుని తుడుచుకుంటూ ఉండిపోయాడు.

గది ఖాళీ. పక్క మీద ముడత లేదు. కప్పులో అతని బ్రష్ ఎండిపోయి ఉంది. బీరువా తలుపుకి కొత్త సూటు వేలాడుతోంది, ఇంకా చీటీ తియ్యలేదు. మంచం పక్క బల్ల మీద నీలం రంగు మందు గొట్టం.

దాన్ని వేలితో చూపించాను. "అది వదిలేసి వెళ్ళడు మేడమ్. పెరట్లో సిగరెట్ తాగడానికి వెళ్ళినా జేబులో ఉంటుంది."

"ఆయాసం మనిషి సిగరెట్ తాగుతాడా?" అన్నాడు డెన్‌బీ.

సార్జంట్ వంగి పరుపు మీద చెయ్యి పెట్టి చూసింది. బయటికి వచ్చాక చతురంలో తివాచీ మీద ఏదో కనపడి మళ్ళీ వంగింది. నల్లటి నలుసులు. వేళ్ళ మధ్య నలిపి వాసన చూసింది.

"ఇక్కడ ఎప్పుడు ఊడ్చావు?"

"నిన్న. రోజూ పడుతూనే ఉంటుంది. పాత ఇల్లు కదండీ."

"పైన ఏముంది?"

"అటక. నిచ్చెన లేదు, మేం ఎప్పుడూ తియ్యలేదు. ఈ వరస ఇళ్ళన్నిటికీ ఒకటే కప్పు, మధ్యలో గోడలు కూడా లేవట. పక్కింటి పిల్లి వచ్చి మా నెత్తిమీద తిరిగేది. ఆ ఇల్లు చలికాలం నుంచీ ఖాళీ."

ఆవిడ తలెత్తి మూత వైపు ఒక్కసారి చూసింది. ఏమీ అనకుండా మెట్లు దిగింది.

వంటింట్లోకి వచ్చాక డెన్‌బీ నన్ను వదల్లేదు. ఫ్రిజ్ తలుపు తీసి లోపలికి తల పెట్టాడు.

"ఇదేమిటి?"

ఫ్రిజ్‌లో అరల మధ్య నీలం టేపు అంటించి ఉంటుంది. పై అర రోరీది. కింద రెండు అరలు నావీ నెల్‌వీ. గూళ్ళు కూడా అంతే. అతని గూడు పైన, నాకే మునివేళ్ళ మీద నిలబడితే కానీ అందదు. పాలు వేరు, బ్రెడ్ వేరు, టీ పొడి వేరు. కెటిల్‌లు కూడా రెండు. ఒక ఆదివారం రోరీ బటానీల డబ్బా తెరిచి నెల్‌కి ఒక గరిటె పెట్టబోతే నేను వద్దన్నాను. పాపం ఆ గరిటె అలాగే గాల్లో పట్టుకుని నిలబడ్డాడు.

"నాటకం" అన్నాడు డెన్‌బీ. "మేం వస్తామని నిన్న అంటించి ఉంటారు."

సార్జంట్ గోరుతో టేపు అంచు లేపింది. కింద జిడ్డు గీత ఉంది. "నిన్నటిది కాదు. టేపు ఎప్పుడంటించారో పోలీసులం మేం చెబుతాం, మీరు అద్దెల సంగతి చూడండి."

ఆవిడ పై అరలోంచి పాల సీసా తీసింది. అడుగున కాసిని మిగిలాయి. మాంసం ముక్కల ప్యాకెట్ తీసింది. ఒక్క ముక్క ఉంది. కుర్చీ జరిపి ఎక్కి గూడు తెరిచింది. బ్రెడ్‌లో రెండు అంచు ముక్కలు. అల్లం బిస్కెట్ల ప్యాకెట్ సగం ఖాళీ.

"రోరీ సరుకులు ఎప్పుడు తెచ్చుకుంటాడు?"

"సోమవారం మధ్యాహ్నం. వారానికోసారి."

"తెచ్చుకున్న రోజు రాత్రి నుంచే మనిషి లేడు. పక్క మీద పడుకోలేదు. బ్రష్ తడవలేదు. మరి ఈ పాలెవరు తాగారు?"

"దొరికారు" అన్నాడు డెన్‌బీ, నెమ్మదిగా, తీపి తిన్నట్టు. "ఒకే పాలు, ఒకే బ్రెడ్, ఒకే సంసారం."

"నేను ముట్టుకోలేదండీ. నా పిల్ల మీద ఒట్టు. నా పాలు అయిపోతే వానలో కొట్టుకి వెళ్తాను కానీ ఆ అర తాకను. అటు చూడను కూడా." నా గొంతు నాకే వేరేగా వినపడుతోంది. నిజంగానే చూడను. ఫ్రిజ్ తీసేటప్పుడు కళ్ళు కిందికే పెట్టుకోవడం అలవాటైపోయింది. అందుకే ఆ పాలు రోజు రోజుకీ తగ్గుతున్నా నాకు కనపడలేదు.

"పిల్ల తీసిందేమో?" అంది సార్జంట్.

"అదే అనుకున్నాను మేడమ్. నిన్న దాని పక్కలో అల్లం బిస్కెట్ ముక్కలు దొరికాయి. రోరీవి ఎందుకు తీశావని కోప్పడ్డాను కూడా. తియ్యలేదని ఏడ్చింది."

సార్జంట్ కుర్చీ దిగింది. కుర్చీకీ గూటికీ మధ్య ఉన్న ఎత్తుని చేత్తో కొలిచింది. తర్వాత గోడ మీద నేను పెన్సిల్‌తో గీసిన నెల్ ఎత్తు గీత దగ్గర చెయ్యి పెట్టింది.

"కుర్చీ ఎక్కి చేతులు చాచినా ఇంకా మూరెడు ఉండాలి. పిల్ల నిజమే చెప్పింది."

డెన్‌బీ మొహంలో ఆ తీపి పోయింది.

"టామ్సిన్" అంది ఆవిడ. మొదటిసారి పేరు పెట్టి పిలిచింది. "ఆ అర నువ్వు ముట్టుకోవని, అటు చూడవని ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు. రోరీకి, నాకు. ఇంకా..." డెన్‌బీ వైపు చూశాను. "వీళ్ళ ఆఫీసాయనకి."

"మా ఆఫీసాయనా?"

"పోయిన వారం వచ్చారు కదండీ. లోమాస్ గారు. మెళ్ళో కార్డు కూడా ఉంది. విడివిడిగా ఉంటున్నారో లేదో చూడాలన్నారు. మర్యాదగానే ఉన్నారు. బూట్లు తుడుచుకుని మరీ లోపలికి వచ్చారు."

డెన్‌బీ ఫైలు బల్ల మీద పెట్టాడు. "మా విభాగంలో లోమాస్ అనేవాడు లేడు."

"కొత్తగా చేరారేమో..."

"మేం నలుగురం. పదకొండేళ్ళుగా అదే నలుగురం. ఈ ఇంటికి మా వైపునుంచి మనిషి రావడం ఇవాళే మొదలు."

సార్జంట్ నా మణికట్టు పట్టుకుంది. ఆవిడ చెయ్యి వెచ్చగా ఉంది.

"ఏమేం అడిగాడు? ఒక్కొక్కటే చెప్పు."

"ఎవరు ఎక్కడ పడుకుంటారని. అతని గదిలోకి నేను వెళ్తానా అని. వెళ్ళనన్నాను. అతని తిండి ఎప్పుడైనా తీసుకుంటానా, పాలు అయిపోయినప్పుడైనా అని. తియ్యనన్నాను. ఒకళ్ళనొకళ్ళు ఎప్పుడెప్పుడు చూసుకుంటారని. చూసుకోమన్నాను. పొద్దున నేను ఏ వేళకి బయటికి వెళ్తానని..." నేను చెబుతున్నది నాకే వినపడుతోంది. ఇల్లు పోకూడదని ఇంటి సంగతులన్నీ ఒక పరాయివాడికి వరసపెట్టి అప్పజెప్పాను. "ఎంత బాగా పాటిస్తున్నారో అని మెచ్చుకున్నాడు మేడమ్."

"రాసుకున్నాడా?"

"లేదు."

"మావాళ్ళు రాసుకోకుండా గడప దాటరు" అన్నాడు డెన్‌బీ. ఇప్పుడతను నాతో కాదు, తనలో తను మాట్లాడుకుంటున్నట్టున్నాడు.

"మనిషెలా ఉంటాడు?"

"మామూలుగానే. చేతికి తొడుగులు. ఎండగా ఉన్నా తియ్యలేదు. నెల్ తన రంగు పెన్సిల్ ఇస్తే అప్పుడు ఒక చేతిది తీశాడు. ఆ చేతి మీద చర్మం గులాబీ రంగులో, కొవ్వొత్తి కరిగి గట్టిపడ్డట్టు నున్నగా ఉంది."

సార్జంట్ కళ్ళు ఒక్క క్షణం మూసుకుంది.

"గొలుసు వేసినవాడి చెయ్యి కాలిందని రోరీ చెప్పాడు" అంది. "మేం వాడికోసం ఊరంతా వెతుకుతున్నాం. డెన్‌బీ గారూ, మీకు ఫోన్ చేసింది కూడా పాస్క్ మనుషులే. సాక్షి రాకపోతే, బెనిఫిట్ మోసం చేసి పారిపోయాడని రేపు కోర్టులో చెప్పడానికి ఒక కాగితం కావాలి. ఆ కాగితం మీ చేత రాయించుకుంటున్నారు."

డెన్‌బీ బల్ల మీది ఫైలుని తన వైపుకి లాక్కున్నాడు.

"అంటే రోరీ బయటికే వెళ్ళలేదు" అన్నాను. "వెళ్ళొస్తా అన్నాడు. మెట్ల దాకా కూడా..."

అప్పుడు వినపడింది. పైన, ఎక్కడో మధ్యలో, చెక్క మీద బరువు మారిన చప్పుడు. మూడు రోజులుగా నాకు ధైర్యం ఇచ్చిన చప్పుడే. రోరీ ఉన్నాడులే అని పిల్లని పక్కలోకి లాక్కుని నేను నిద్రపోయిన చప్పుడే.

లేవబోయాను. సార్జంట్ నా చెయ్యి వదల్లేదు. పెదవులు మాత్రం కదిపింది.

"పరిగెత్తకు. పరిగెత్తితే వాడికి తెలుస్తుంది."

"నా పిల్ల."

"తెలుసు. నేను వెళ్తాను. డెన్‌బీ." ఆయన చెవి దగ్గరికి వంగింది. "తిట్టండి."

"ఏమిటి?"

"ఇందాకటిలాగే ఈ అమ్మాయిని తిట్టండి. గట్టిగా. ఆపకండి. మనం ఇంకా బెనిఫిట్ గొడవలోనే ఉన్నామని వాడు అనుకోవాలి. మీకది వచ్చు కదా."

ఆవిడ ఫోన్‌లో రెండు ముక్కలు గుసగుసగా చెప్పింది. మనుషులు కావాలి, సైరన్ వద్దు, పక్క ఖాళీ ఇల్లు కూడా చుట్టుముట్టండి. తర్వాత బూట్లు విప్పి మేజోళ్ళతో హాల్లోకి నడిచింది.

డెన్‌బీ నన్ను చూశాడు. మొహం పిండిలా తెల్లబడి ఉంది. ఆ తర్వాత గొంతు పెంచాడు.

"చూడండి మిస్ హోల్‌రాయిడ్. కౌన్సిల్‌ని మోసం చెయ్యడం చిన్న విషయం అనుకోకండి. బట్టలు కలిపి ఉతుకుతారా, విడిగా ఉతుకుతారా?"

"విడిగానండీ" అన్నాను. నా గొంతు కూడా పైకి పోవాలి. నేనిక్కడే ఉన్నానని వాడికి తెలియాలి.

"ఆదివారం భోజనం కలిసి చేస్తారా?"

"చెయ్యమండీ."

"అతనికి జబ్బు చేస్తే ఎవరు చూస్తారు?"

దానికి నేను జవాబు చెప్పలేకపోయాను. రోరీ మందు గొట్టం బల్ల మీద ఉండిపోయింది. అతను ఆ మసిలో, ఆ దుమ్ములో మూడు రోజులుగా ఉంటే. నేను కిందనే టీ కాచుకుంటూ ఉంటే.

డెన్‌బీ చేత్తో హాలు వైపు చూపించాడు. వెళ్ళు అన్నట్టు. నోటితో మాత్రం అరుస్తూనే ఉన్నాడు. "మాట్లాడండి. నోట్లో ఏముంది? జవాబు లేదా? ఒకే టీవీ చూస్తారా?" కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నాడు. గొంతు మాత్రం ఇల్లంతా మోగుతోంది. నేను చెప్పులు వదిలేసి బయటికి వచ్చాను. వెనక ఖాళీ వంటింటిని ఆయన ప్రశ్నల మీద ప్రశ్నలు అడుగుతున్నాడు.

మెట్ల మీద సార్జంట్ గోడకి అంటుకుని ఎక్కుతోంది. మధ్యలో ఒక మెట్టు కిర్రుమంటుందని నాకు తెలుసు. వెనకనుంచి కోటు లాగి వేలితో చూపించాను. దాన్ని దాటి కాలు వేసింది. నేనూ వేశాను.

పైన చతురంలో తివాచీ మీద మళ్ళీ నల్లటి మసి రాలి ఉంది. ఇందాకటికంటే ఎక్కువ. నేను దగ్గరగా వేసిన ముందు గది తలుపు బార్లా తీసి ఉంది. తలెత్తాను. అటక మూత పూర్తిగా మూసుకుని లేదు. ఒక పక్క నల్లటి సందు, అరచెయ్యి పట్టేంత.

సార్జంట్ ఒక చేత్తో నన్ను వెనక్కి నెట్టి, రెండో చేత్తో లాఠీ తీసి ఆ సందు కింద నిలబడింది. నేను ఆవిడ చేతి కిందినుంచి దూరి గదిలోకి పోయాను.

నెల్ పక్క మీద లేచి కూర్చుంది. జుట్టంతా రేగిపోయి, ఒక బుగ్గ ఎర్రగా నిద్ర అచ్చు పడి ఉంది. చేతిలో అల్లం బిస్కెట్ ఉంది. గట్టిదని కొరకలేక చప్పరిస్తోంది. తెల్లటి గౌను భుజం మీద నల్లగా నాలుగు వేళ్ళ మరక.

గుండెలకి అదుముకున్నాను. నోట్లోంచి మాట గాలిలా వచ్చింది. "ఎవరిచ్చారు నాన్నా?"

తను తప్పు చెయ్యలేదని రుజువు చేస్తున్నట్టు బిస్కెట్ చూపించింది. "నేను తియ్యలేదు. పైనాయన ఇచ్చాడు. రోజూ ఇస్తాడు."

"రోరీ ఇచ్చాడా?"

తల అడ్డంగా ఊపింది. నా చెవి దగ్గర నోరు పెట్టింది, రహస్యం చెప్పడం ఈమధ్యే నేర్చుకుంది. బిస్కెట్ వాసన నా మెడ మీద వెచ్చగా తగిలింది.

"రోరీ పైన బజ్జున్నాడు. గుర్రు గుర్రుమంటున్నాడు. లేపితే నిన్ను కూడా బజ్జోబెడతా అన్నాడు ఆయన."

గుర్రు. అంటే ఊపిరి ఉంది. రోరీకి ఊపిరి ఇంకా ఉంది. సార్జంట్‌కి వినపడిందా అని గుమ్మంలోకి చూశాను. ఆవిడ నా వైపు తిరగలేదు. ఆవిడ కళ్ళ ముందే నల్లటి సందు కొద్ది కొద్దిగా వెడల్పవుతోంది. మూత అంచు మీదికి నున్నటి, గులాబీ రంగు వేళ్ళు వచ్చి ఆగాయి.

కింద వంటింట్లోంచి డెన్‌బీ గొంతు చీలిపోతూ, ఆగకుండా, ఇల్లంతా నిండుతూ వచ్చింది.

"ఆఖరిసారి అడుగుతున్నాను. ఈ ఇంట్లో నిజంగా ఎంతమంది ఉంటున్నారు?"

నెల్‌కి లెక్క అడిగితే ఇష్టం. నా ఒళ్ళో సర్దుకుని, బిస్కెట్‌ని రెండో చేతిలోకి మార్చుకుని, ఒక్కొక్క వేలే తెరిచింది. అమ్మ. నెల్. రోరీ. నాలుగో వేలు తెరిచి, ఆ వేలితో పైకి చూపించింది.